నేను మార్చి రాసిన పేరు

2022 మే నెల. నూజివీడులో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్నాయి. చెట్టు మీంచి పడినవాళ్ళు, ఎండదెబ్బ తగిలినవాళ్ళు, కాయల ట్రాక్టరు బోల్తాపడి దెబ్బలు తగిలినవాళ్ళు, అందరూ మా దగ్గరికే వచ్చేవారు. ఒక్క మంచమూ ఖాళీ ఉండేది కాదు.

ముందుగా నా సంగతి ఒకటి చెప్పాలి. నా పేరు సువార్త. మా నాన్న పాస్టరు గారితో ప్రార్థన చేయించి మరీ పెట్టుకున్న పేరు. ఇన్నేళ్ళ సర్వీసులో దాన్ని సరిగ్గా పలికినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. డాక్టరు గారికి నేను సుజాతను, ఫార్మసీవాళ్ళకు సువర్ణను. డ్యూటీ చార్టులో ఏడాది పొడుగునా స్వాతినయ్యాను. నాకు ఒళ్ళు మండిపోయేది. "అంతంత పొడుగు మందుల పేర్లు గడగడా చదువుతారు, మూడక్షరాల మనిషి పేరు నోరు తిరగదా?" అని ఫార్మసీ కిటికీ దగ్గర ఒకసారి గొడవ కూడా పెట్టుకున్నాను. అలాంటి నేను చేసిన పని ఇది.

చాట్రాయి దగ్గర పల్లె నుంచి వీరమ్మ గారనే పెద్దావిడను ఆటోలో తీసుకొచ్చారు. డెబ్భై అయిదు దాటి ఉంటాయి. హార్ట్ ఫెయిల్యూర్, అంటే గుండె బలహీనపడి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. ఆక్సిజన్ పెట్టి, ఇంజెక్షన్లు మొదలుపెట్టాక కేస్ షీట్ తీశాను. రోగి వివరాలు, ఇస్తున్న మందులు, వెంట ఉండే మనిషి పేరు అన్నీ అందులోనే రాస్తాం. వెంట వచ్చింది కూతురు. యాభై ఏళ్ళ మనిషి, తోటల్లో కాయలు ఏరే పని. మామిడి సొన పడి ముంజేతుల మీద నల్లటి మచ్చలున్నాయి.

"మీ పేరేంటమ్మా?"

"పెంటమ్మండీ."

వెనక నిలబడినవాళ్ళలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమె సంగతేమో గానీ నాకు సిగ్గేసింది. "పద్మ అని రాస్తాను లెండి, బావుంటుంది" అన్నాను.

ఆమె మొహం చిన్నబోయింది. "మీరూ మార్చేస్తున్నారా అండీ? బళ్ళో మేష్టారు పద్మావతన్నారు. కార్డులో పార్వతి చేశారు. తోటలో మేస్త్రీ పెంటీ అంటాడు. ఉన్న పేరు ఉన్నట్టు పిలవడానికి ఏవైందండీ అందరికీ?"

"అవసరమైతే ఫోన్ చేసి పిలవడానికే కదమ్మా" అని రాసేశాను. ఆమెకేదో మేలు చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దుటి విజిటింగ్ టైములో వీరమ్మ గారు మగతగా ఉన్నారు. పెంటమ్మ కాసేపు తల్లి కాళ్ళు నిమిరి, తిన్నగా నా దగ్గరికి వచ్చింది.

"ఆ కాగితంలో మార్చారా అండీ?"

"ఇంకా లేదమ్మా" అన్నాను కాస్త విసుగ్గానే.

"నాకు ముందు నలుగురు పుట్టి పోయారండీ. ఒక్కళ్ళూ ఏడాది దాటలేదు. నేను పుట్టగానే మా అమ్మ నన్ను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, ఎవరో పారేసిన బిడ్డని తెచ్చుకున్నట్టు మళ్ళీ ఎత్తుకుందంట. ఇలాంటి పేరున్నదాన్ని చావు కూడా ముట్టుకోదని ఇదే పెట్టింది. బతికాను గదండీ! నవ్వేవాళ్ళని నవ్వనీండి. నాకు మాత్రం ఇదే పేరు."

"మారుస్తానమ్మా" అన్నాను. కేస్ షీట్‌లో ఏదైనా కొట్టి రాస్తే పక్కన డాక్టరు గారి సంతకం ఉండాలి. ఆయన అప్పటికే రౌండ్స్ ముగించుకుని వెళ్ళిపోయారు. ఇంతలో హనుమాన్ జంక్షన్ నుంచి యాక్సిడెంట్ కేసు వచ్చింది. రేపు చేయిద్దాంలే అనుకున్నాను. తెల్లారాక ఆ మాటే మర్చిపోయాను.

ఆ మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగుతూ శిరీష అనే కొత్త నర్సుకు హ్యాండోవర్ ఇచ్చాను. దిగే నర్సు ఎక్కే నర్సుకు రోగులను ఒక్కొక్కరినీ అప్పగించడమే హ్యాండోవర్. "ఏడో బెడ్ వీరమ్మ గారు. కాస్త నయం. కూతురు పద్మ బయట ఉంది" అన్నాను. నా నోటితో నేనే అన్నాను.

మర్నాడు పొద్దున వెళ్ళేసరికి ఏడో బెడ్ మీద వేరే మనిషి ఉన్నాడు. శిరీషకు ఫోన్ చేసి అడిగితే చెప్పింది. నేను వెళ్ళిన గంటన్నరకు వీరమ్మ గారికి బాగా తెలివొచ్చిందట. మాస్కు పక్కకు లాగి, "పెంటమ్మేదీ?" అని అడిగారట.

"నేను షీట్ చూశానక్కా. పెంటమ్మ అనేవాళ్ళెవరూ లేరు మామ్మగారూ, మీ అమ్మాయి పద్మ ఉంది, నాలుగింటికి వస్తుందని చెప్పాను. 'నాకు పద్మంటూ ఎవరూ లేరు, పెంటమ్మ లేదా?' అంది మళ్ళీ. లేరండీ అన్నాను. 'ఐతే అదీ దక్కలేదన్నమాట' అని గోడవైపు తిరిగిపోయింది. పాపం, ఏదో కలవరిస్తోందనుకున్నా. విజిటింగ్ టైముకి పది నిమిషాల ముందు గుండె ఆగిపోయిందక్కా. సీపీఆర్ చేశాం, దక్కలేదు."

ఆ పిల్లను ఏమనను? కాగితంలో ఉన్నదే చెప్పింది. ఆ సమయంలో పెంటమ్మ తలుపు అవతల బెంచీ మీద, పిలిస్తే పలికేంత దూరంలో కూర్చుని ఉంది. నేను డ్రెస్సింగ్ రూంలోకి వెళ్ళి గడియ వేసుకుని ఏడ్చాను.

పెద్దకర్మ అయ్యాక పెంటమ్మ డెత్ సమ్మరీ కోసం వచ్చింది. చికిత్స వివరాలు, మరణానికి కారణం రాసి ఇచ్చే కాగితం అది. తీసుకుని వెళ్ళబోతూ ఆగింది.

"మా అమ్మ ఆఖర్న నన్నేవన్నా అడిగిందా అండీ?"

"అడిగారమ్మా. పెంటమ్మేదీ అన్నారు."

"పేరెట్టి అడిగిందా?"

"పేరు పెట్టే అడిగారు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని, "అది చాలండీ నాకు. మీ మేలు మర్చిపోను" అంది. చేతులు వెనక్కి తీసుకోవాలనిపించింది గానీ తీసుకోలేకపోయాను.

పేరు నా చెవికి ఇంపుగా ఉండాల్సిన పని లేదనీ, అది పెట్టినవాళ్ళకూ మోసేవాళ్ళకూ చెందిందనీ నాకు అప్పుడు తెలిసింది. ఇప్పుడు ఎవరు ఏ పేరు చెప్పినా చెప్పింది చెప్పినట్టే రాసి, పైకి చదివి, అవునన్నాకే పెన్ను మూస్తాను. కొత్తగా చేరిన నర్సులకూ ముందు ఈ కేసు గురించే చెబుతాను. తన ఐదో బిడ్డ కూడా పోయిందనుకుంటూనే వీరమ్మ గారు కన్నుమూశారన్న మాట పెంటమ్మకు మాత్రం ఈ రోజుకీ చెప్పలేదు.