మహేంద్రగిరికి చుట్టపుచూపు

మా వదిన పోయిందన్న కబురు నాకు బెంగాలీలో వచ్చింది. ఆస్పత్రిలో ఆమె పక్కన వాళ్ళ ఎదురింటి దీదీని కూర్చోబెట్టి, స్నానం చేసి, కాస్త బార్లీ జావ కాచి తీసుకెళదామని నేను ఖరగ్‌పూర్ ఝపటాపూర్‌లో మా ఇంటికి వచ్చాను. జావ వడకడుతుంటే ఫోను మోగింది. "బౌదీ ఆర్ నేయ్," అంది దీదీ. వదిన ఇక లేదు. బెంగాలీలో బౌదీ అంటే వదినే. మా అన్నయ్య భార్య కాబట్టి నాకు వదిన. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో వాళ్ళ రైల్వే క్వార్టర్సున్న వీధి మొత్తానికి, పాలవాడితో సహా, ఎలా వదిన అయిందో మాత్రం నాకు తెలీదు. ఆ మాట విన్నాక కూడా నేను జావ వడకట్టడం పూర్తిచేశాను. గిన్నె మీద మూతపెట్టి గుడ్డలో మూట కట్టాను. ఎవరి కోసమని ఆలోచించలేదు.

దుర్గాపూజ పందిళ్ళు విప్పుతున్న రోజుల్లో జ్వరం వచ్చింది. డెంగ్యూ అన్నారు. మా వీధుల్లో ఆ కాలంలో చాలామందికి వస్తుంది, చాలామందికి తగ్గుతుంది. మా వదినకి తగ్గలేదు.

ఆమె మీద నాకింకా కోపంగానే ఉంది. మార్గశిరంలో కొండెక్కుదామని నన్ను ఊదరగొట్టి, ఈ వయసులో నా చేత బూట్లు కొనిపించి, తీరా సమయానికి తను జారుకుంది. అలా జారుకునే మనిషి కాదు మా వదిన. వంటకి చెయ్యి పెడితే పొయ్యి తుడిచేదాకా వదిలేది కాదు. మీలో ఆమెని ఎరిగినవాళ్ళు పెద్దగా ఉండరు. అందుకని ఆ కొండ సంగతే చెబుతాను. ఆమె ఎలాంటిదో చెప్పడానికి నాకు అంతకంటే మంచి దారి దొరకడం లేదు.

ఖరగ్‌పూర్ తెలుగువాళ్ళం రైల్లో శ్రీకాకుళం వైపు వెళ్ళేటప్పుడు, తెల్లారి ఇచ్ఛాపురం దాటాక కుడిచేతి కిటికీలో కొండల వరస మొదలవుతుంది. అందులో అన్నిటికంటే ఎత్తయింది మహేంద్రగిరి. మా అందరికీ అది తెలుసు. చాయ్ తాగుతూ ఓసారి చూసి, మళ్ళీ చాయ్‌లో పడిపోతాం. వదిన అలా కాదు. "కూసింత జరగండి బాబూ, మా కొండ ఒస్తంది," అని ముక్కూ మొహం తెలియనివాళ్ళని లేపి మరీ కిటికీ దగ్గర చేరేది. కొండ కనుమరుగయ్యేదాకా ఎవరితోనూ మాట్లాడేది కాదు. నాకు నవ్వొచ్చేది.

"ఏటొదినా, పెళ్ళిలో మీ నాన్న రాసిచ్చినాడేటి ఆ కొండ?" అని ఓసారి ఆటపట్టించాను.

వదిన నవ్వలేదు. "పెళ్ళయ్యి మీ అన్నయ్యతో రైలెక్కినాను గదా," అంది. "మా అమ్మ ప్లాట్‌ఫారం మీదే ఉండిపోనాది. మా ఊరు ఎనక్కి ఎల్లిపోనాది. మా తాటితోపు ఎల్లిపోనాది. ఏడుపొస్తంటే మీ అన్నయ్య సూస్తాడని ముకం అటు తిప్పుకున్నాను. సూద్దును గదా, ఆ కొండ నాతోపాటే ఒస్తంది. సానా దూరం ఒచ్చింది అమ్మాయ్. మా వోళ్ళెవురూ అంత దూరం రాలేదు." ఆ తర్వాత నన్నే అడిగింది. "అది నన్ను అంత దూరం సాగనంపింది. ఒక్కసారైనా దానింటికి నేనెల్లొద్దా?"

మా వదిన మహేంద్రగిరి ఎక్కాలనుకోవడానికి కారణం ఇదీ. మొక్కూ కాదు, పుణ్యమూ కాదు. పెళ్ళి నాడు సాగనంపిన బంధువు ఇంటికి ఇన్నేళ్ళయినా వెళ్ళకపోతే బాగుండదని ఆమె బెంగ.

ఈ ఏడు వానాకాలంలో ఓ ఆదివారం పొద్దున ఆ మాట బయటపెట్టింది. అన్నయ్య వర్క్‌షాపులో ఫిట్టరు, వచ్చే ఏడు రిటైరవుతాడు. పేపరు మీంచి తలెత్తకుండా, "కొండెక్కడాకి మనమేటి కుర్రోళ్ళమా? రిటైరయినాక సూద్దాం," అన్నాడు.

"అప్పటికి మీ మోకాళ్ళు కూడా రిటైరయిపోతాయి."

"ఐతే నువ్వూ సెల్లీ ఎల్లండి. నేను ఇంటికాడుండి కుక్కకి కూడేస్తాను."

"మనకి కుక్కెక్కడుందండీ?"

"పెంచుతాను."

వదిన కూడా నవ్వింది గానీ, నవ్వయ్యాక ఆయన వైపు కాసేపు చూసింది. ఆయన కూడా వస్తేనే ఆమెకి అది చుట్టపుచూపు. అల్లుణ్ణి తీసుకెళ్ళకుండా వెళితే ఆ ఇంట్లో ఏమనుకుంటారు? ఆ మాట ఆయనతో అనలేదు, రిజర్వేషన్ తెరవగానే మా ముగ్గురికీ టిక్కెట్లు చేయించేసింది. "రాకపోతే ఆ బెర్తు మీద సామాన్లెట్టుకుందాం," అని నాతో అంది.

ఎదురింటి దీదీ చిన్నప్పుడు కాలేజీ స్నేహితులతో బెంగాల్లోకెల్లా ఎత్తయిన సందక్‌ఫూ శిఖరం ఎక్కిన మనిషి. మా పథకం విని, ఫోన్‌లో మహేంద్రగిరి ఎత్తు చూసి, "ఎటా పాహాడ్ నా, టిలా!" అంది. ఇది కొండ కాదు, దిబ్బ అని. వదినకి ఒళ్ళుమండింది. "దీదీ, మేరా పాహాడ్ కో టిలా మత్ బోలో," నా కొండని దిబ్బ అనకు అని, ఆ పూట ఆవిడకి చాయ్ ఇవ్వలేదు. మర్నాడు దీదీయే తన పాత వీపుసంచీ పట్టుకొచ్చి రాజీ పడింది. ఎక్కడం దిగడం అలవాటు చేసుకోకపోతే సగంలో కూలబడతారని హెచ్చరించింది కూడా.

మా ఊళ్ళో ఎక్కడానికేముంది? హిజ్లీ దాకా సైకిలు తొక్కినా నేల చదునే. వదిన కాస్త ఆలోచించి, "స్టేసన్ బిడ్జీ ఉంది గదా," అంది.

అలా మొదలైంది మా సాధన. తెల్లవారగానే ప్లాట్‌ఫారం టిక్కెట్లు కొనుక్కుని, వీపుసంచీలో బియ్యం పోసుకుని, ఫుట్‌బ్రిడ్జి ఈ మెట్లెక్కి ఆ మెట్లు దిగడం, ఆ మెట్లెక్కి ఈ మెట్లు దిగడం. రైలు దిగిన జనం మాకు అడ్డం పడుతుంటే, జనానికి మేం అడ్డం పడుతున్నట్టు తిట్లు తినేవాళ్ళం. ఓ రోజు టిక్కెట్ కలెక్టరు పట్టుకుని, ఎక్కడికని అడిగాడు.

"కహాఁ జానా హై?"

"కహీఁ నహీఁ," అంది వదిన రొప్పుతూ. "ఊపర్ జాకే నీచే ఆనా హై." ఎక్కడికీ కాదు, పైకెళ్ళి కిందికి రావాలి అని.

అతను సంచీ విప్పించాడు. బియ్యం చూసి, మేమేదో దొంగవ్యాపారం చేస్తున్నామని రూఢి చేసుకున్నాడు. వదిన అక్కడే మెట్ల మీద కూర్చుని, తన పెళ్ళి దగ్గర్నుంచి మొదలుపెట్టి, కొండ తనని ఎంత దూరం సాగనంపిందో మొత్తం చెప్పింది. సగం హిందీ, సగం బెంగాలీ, ఏడుపు దగ్గరికి వచ్చేసరికి తెలుగు. ఏం అర్థమైందో గానీ అతను సంచీ తాడు తనే బిగించి ఇచ్చాడు. ఆ తర్వాత స్టేషన్ కూలీలందరికీ తెలిసిపోయింది. "బౌదీ, పాహాడ్ కబ్?" కొండకెప్పుడని అడిగేవాళ్ళు. ఆమె ప్రతివాడికీ నిలబడి జవాబు చెప్పేది. ఇంటికొచ్చాక ఆ బియ్యమే వండేది. "మోసినోళ్ళే తినాల," అని అన్నయ్యకి ఓ ముద్ద తక్కువ వేస్తున్నట్టు నటించేది.

మెట్లెక్కేటప్పుడు ఆమెకో పద్ధతుండేది. అందరం పైకి చేరాక ఆగుతాం. ఆమె సగంలో ఆగేది. అదేమిటని అడిగితే, "పైకెల్లి ఆగితే గొప్పకి ఆగినట్టుంటాది. ఆయాసం ఒచ్చింది మద్దిలో గదా," అనేది. ఆమె మాటలన్నీ అంతే. దాచుకోవడం ఆమెకి చేతకాదు, నాలాంటివాళ్ళు దాచుకుంటే ఊరుకోవడమూ చేతకాదు.

సామాన్లు సర్దడం కూడా చెప్పాలి. పుట్టి బుద్ధెరిగాక మాకు తెలిసిన ప్రయాణం ఒక్కటే, రైలు. కొండకి కూడా వదిన రైలుకి సర్దినట్టే సర్దింది. గాలిదిండు, వార్తాపత్రికలు, పులిహోర కోసం చింతపండు గుజ్జు, చివరికి సీటు కింద పెట్టెకి వేసే గొలుసూ తాళం కూడా.

"గొలుసెందుకొదినా? కొండని కట్టేస్తావేటి?"

"సంచీని సెట్టుకి కట్టుకుని పడుకుంటాను. దొంగలు రైల్లోనే ఉంటారేటి?"

దీదీ నవ్వలేక పొట్ట పట్టుకుంది. గొలుసు తీసేస్తే వదిన మళ్ళీ పెట్టింది. జీపు దారి మీదా ఇలాగే గొడవైంది. పర్లాకిమిడి వైపు నుంచి జీపులో చాలా పైదాకా వెళ్ళొచ్చని దీదీ కనిపెట్టి చెబితే, వదిన ఒప్పుకోలేదు. "సుట్టపుసూపుకెల్తన్నాం, ఇనస్పెక్సన్‌కి కాదు. నడిసే ఎల్తాను."

నడవలేదు. ఆస్పత్రిలో మాటా తెలివీ ఉన్న చివరి సాయంత్రం నా చెయ్యి పట్టుకుని, "టిక్కెట్లు కేన్సిల్ సెయ్యకు అమ్మాయ్," అంది. ఊపిరి అందడం లేదు. నా మొహం చూసి నన్నే ఓదార్చింది. "బిడ్జీ మీద ఒచ్చినట్టే ఉంది. మద్దిలో ఆగినాను, అంతే."

ఆ మాట రాస్తుంటే ఇప్పుడు కూడా నాకు కలం సాగడం లేదు.

దినాలు ఖరగ్‌పూర్‌లోనే జరిగాయి. టెక్కలి అవతల్నుంచి వదిన తల్లి వచ్చింది. కూతురి ఫోటో ముందు కాకుండా, కూతురి వంటింటి గోడకి ఆనుకుని కూర్చుంది ఆ ముసలమ్మ. పెద్దకర్మ అయ్యాక బంధువులందరూ భోజనాలు చేస్తుంటే అన్నయ్య నా దగ్గరికి వచ్చి, "ఆ టిక్కెట్లున్నాయా?" అన్నాడు. ఉన్నాయన్నాను. "ఎల్దాం," అన్నాడు.

ఆ మాట పెద్దల చెవిన పడింది. ఇంట్లో మనిషి పోయి ఏడాది తిరక్కుండా కొండెక్కకూడదని మీకు తెలుసు, మాకూ తెలుసు. తలా ఒకరూ అదే చెప్పారు. మా బాబాయి ఒకాయన, సంవత్సరీకం అయ్యాక తను కూడా వస్తానని సర్దిచెప్పబోయాడు. మా అన్నయ్య పెద్దల మాటకి ఎదురు చెప్పిన మనిషి కాదు. బాబాయి విస్తరి ముందుకి వచ్చి నిలబడ్డాడు.

"అది పిలిసినప్పుడు నాకు తీరిక లేదన్నాను బాబాయ్," అన్నాడు. "ఇప్పుడు తీరికయ్యింది. ఇప్పుడు మీరు ఒద్దంటన్నారు." అని, అంతమందిలో, భుజం మీద తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. మా అమ్మ పోయినప్పుడు కూడా ఆయన అలా ఏడవడం నేను చూడలేదు.

వంటింటి గోడ దగ్గర్నుంచి ముసలమ్మ గొంతు వినిపించింది.

"ఎక్కకూడంది దేవుడి కొండలు. ఇది నా కూతురి సుట్టాలిల్లు. ఒస్తానని అది మాటిచ్చింది. మాట నిలబెట్టడాకి అది లేదు. అల్లుడున్నాడు." అల్లుడి వైపు తిరిగింది. "ఎల్లు బాబూ. గుడి గడప మాత్రం తొక్కకు."

ఆమె మాట కాదనే హక్కు అక్కడ ఎవరికీ లేదు.

మార్గశిరంలో వెళ్ళాం. పలాసలో దిగి, మందస మీదుగా కొండ కిందికి చేరి, దారి చూపడానికి ఆ ఊరి మనిషినొకణ్ణి తోడు తీసుకున్నాం. దీదీ వీపుసంచీ అన్నయ్యే మోశాడు. నేను అడిగినా ఇవ్వలేదు. అడవి చల్లగా ఉంది, రాళ్ళు తడిగా ఉన్నాయి. సగం దారికే ఆయన మోకాలు వాచింది. ఇక్కడిదాకా వచ్చాం, చాలు, దిగిపోదామన్నాను. ఆయన నా మాట వినిపించుకోలేదు. చెట్టుకొమ్మ ఒకటి విరిచి కర్ర చేసుకుని, మెట్టు మెట్టుకీ ఊపిరి తీసుకుంటూ ఎక్కాడు. దారి చూపేవాడు రెండుసార్లు వెనక్కి వచ్చి నిలబడ్డాడు. ఆయన మూలిగాడు గానీ ఆగలేదు. వదిన పక్కనుంటే ఆ నడకని ఎంత వెక్కిరించేదో, ఎంత మురిసిపోయేదో నాకు తెలుసు. ఆయన వెనకే నేనూ ఏడుస్తూ ఎక్కాను.

పైన పాత రాతిగుళ్ళున్నాయి. దూరం నుంచే చూసి, వాటికి ఎడంగా తూర్పు వైపున్న ఓ బండ మీద కూర్చున్నాం. కింద మైదానం ఉండాలి. మైదానం చివర రైలుకట్ట ఉండాలి. అదంతా మంచు కప్పేసింది. దారి చూపినవాడు అటు చెయ్యి చాపి, ఎండెక్కితే సముద్రం కూడా కనిపిస్తుందని చెప్పి, చుట్ట వెలిగించుకోవడానికి పక్కకి వెళ్ళాడు. గాలి ఎముకల్లోకి పోతోంది. అన్నయ్యకి పళ్ళు టకటకలాడుతున్నాయి.

కాసేపటికి ఆయన తను కప్పుకున్న శాలువా తీశాడు. మడత విప్పి, తన పక్కన బండ మీద ఖాళీగా ఉన్న చోట పరిచాడు.

"సలేస్తాది, కప్పుకో," అన్నాడు. ఇంట్లో వదిన మీద విసుక్కునే గొంతే.

గాలికి శాలువా లేస్తోంది. అన్నయ్య దాని అంచు మీద అరచెయ్యి ఆనించి, ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చున్నాడు.