ఆగ్రాల గిది ఉన్నదా?

“పిల్లకు అంటుకుంటే?”

మహేందర్‌కు పగలూ రాత్రీ ఇదే భయం. భార్య ఇంద్రమ్మ ఆరు నెలలుగా వికారాబాద్ గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో ఉంది. పిల్లల్ని లోపలికి రానివ్వరు. రానిచ్చినా తాండూరు బడిలో సైన్సు చెప్పే మహేందర్ తీసుకుపోడు. రెండేళ్ల అరుణేమో తల్లి ముఖం మరిచిపోయి, పాలమ్మే వెంకటమ్మనూ అమ్మా అంటోంది. గేటు దాకానైనా పోదామని ఆ ఆదివారం పిల్లనెత్తుకుని రైలెక్కాడు.

రైల్లో మొగులప్ప తగులుకున్నాడు. తాండూరులో నాపరాళ్లు చెక్కే ఈయనకు ఒకటే పిచ్చి: వికారాబాద్‌లో దిగిన కొత్త ముఖానికల్లా ఊరు చూపించాలి. చూడ్డానికి అక్కడేమీ లేదన్నది ఆయనకు అడ్డమే కాదు. మహేందర్ సంచి లాక్కుని ముందు నడిచాడు. వెనక అప్పటికే చిక్కిన గుల్బర్గా వ్యాపారులిద్దరు.

“దేశదేశాలోళ్లు ఆగ్రాకు పోతరు. ఏమున్నది సారూ ఆడ? గోరీ!”

“నువ్వు చూసినవా?”

“చూసెటిది ఉంటే గద పోవుడు!”

మొదటి వింత, స్టేషనులో నీళ్లు తాగే ఇంజను. “ఆగ్రాల గిది ఉన్నదా?” రెండోది, సీతాఫలం తిని గింజలు ఉమ్మే మేక. ఆ రోజు అది గింజలు కూడా మింగేసింది. “ఇజ్జత్ తీసినవ్ గదనే!” అని మేకను తిట్టాడు. మూడోది, ఏనుగు రూపమున్న బండ. మహేందర్‌కు బండలో బండే కనిపించింది.

“నీ అసొంటోళ్లు చూపిస్తే మన దేశానికి ఒక్క తెల్లదొర రాడు,” అన్నాడు మహేందర్.

“రాకుంటే ఆళ్లకే నష్టం. నడు.”

ఆఖరుకి గుట్ట అంచున నిలబెట్టాడు. “ఇగ చెయ్యి ఊపుండ్రి.” వ్యాపారులు సిగ్గుపడుతూ ఊపారు.

మహేందర్‌కు మండింది. “ఉత్త లోయకు ఊపాల్నా?”

మొగులప్ప వేలు చూపాడు. లోయ అవతల, చెట్ల నడుమ పొడవాటి వరండా. రోగులు గాలికి కూర్చునే వేళ. తెల్లటి చుక్కలు కదులుతున్నాయి.

“మా ఇంటామె భాగమ్మ రెండేండ్లు గాడనే కూసున్నది. పక్కమంచాలోళ్లకు ఎవ్వరూ రాకపోదురు. గందుకే దిగినోళ్లనల్ల పట్కొస్త.”

“భాగమ్మ ఇప్పుడు...?” మహేందర్ పిల్లను దగ్గరికి పొదువుకున్నాడు.

“ఇంటికాడనే. నన్ను తిట్టుడు మళ్ల షురూ చేసింది.”

మహేందర్‌లోని సైన్సు పంతులు లోయను కళ్లతో కొలిచాడు. ఏ సూక్ష్మజీవీ దాటలేదు. గబగబా పిల్లను భుజాలకెక్కించాడు. అరుణ రెండు చేతులూ ఊపింది. వరండాలో ఒక చుక్క దిగ్గున లేచింది. ముఖానికి తువ్వాలు కప్పుకుంది, తీసింది, మళ్లీ కప్పుకుంది. ఇంట్లో ఇంద్రమ్మ పిల్లతో ఆడే దాగుడుమూతలు!

“అమ్మ!” అంది అరుణ. చాన్నాళ్లకు సరైన మనిషినే అంది.

మరుసటేడు ఇంద్రమ్మ ఇంటికొచ్చింది. అయినా రైలు వికారాబాద్ దాటేటప్పుడు మహేందర్ కిటికీలోంచి గుట్ట వైపు చెయ్యి ఊపుతూనే ఉంటాడు. పక్కవాళ్లు పిచ్చివాణ్ని చూసినట్టు చూస్తారు. ఆయనకు మాత్రం ఆ రోజు గుట్ట దిగుతూ మొగులప్ప అన్నదే వినిపిస్తుంది:

“నీకు ఆళ్లు కనబడకున్న ఫికర్ లేదు సారూ. ఆళ్లకు నువ్వు కనబడుతవు. ఊపు!”