దించి చూపియ్యమన్న కాక

మా పక్క క్వార్టర్ కాక పోయిండు. సోమవారం పొద్దున నేను నెట్ సెంటర్ షట్టర్ లేపుతుంటే దవాఖాన నుంచి ఫోనొచ్చింది. దినాలు గూడ కాకముందే ఆయన అల్లుడు కాక కంప్యూటర్‌ను మొత్తం తుడిచేసి బిడ్డకు ఆటలెక్కిచ్చిండు. "ముసలాయన ఫోటోలే గదక్కా, ఎవలికి పనికొస్తయ్?" అన్నడు. నా నోటికొచ్చినట్టు తిట్టిన. సావింట్ల అట్ల తిట్టొద్దని తెల్సు. అయినా తిట్టిన. ఎవలికి పనికొస్తయో మీకు గూడ చెప్త, వినున్రి.

కాక బొగ్గు బాయి మీద దీపాల గదిల పనిచేసి రిటైరైండు. లోపలికి దిగేటోడు తన నంబరున్న ఇత్తడి బిళ్ల అక్కడిచ్చి టోపీ దీపం తీస్కపోవాలె. పైకొచ్చినంక దీపమిచ్చి బిళ్ల తీస్కోవాలె. బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా లోపల మనిషున్నట్టే. ఒకపారి షిఫ్టు అయిపోయినంక ఒక బిళ్ల మిగిలింది. "వాడు ఇంటికి పోయిండయ్యా, నువ్వు గూడ పో" అని ఆఫీసరు ఎంత గద్దించినా కాక కదల్లే. "మనిషి కనవడాలె సార్" అని అక్కడ్నే కూసున్నడు. ఆఖరికి ఆ మనిషి దీపంతోనే ఇంటికి పోయి పండుకున్నడని తేలింది. కాలనంత నవ్వింది. కాక నవ్వలే. "నిజంగ లోపల ఉండిపోయిననాడు గూడ గిట్లనే నవ్వుతరా?" అన్నడట.

ఆయన ఊరు కమాన్‌పూర్ దిక్కు ఉండె. బొగ్గు కోసం తవ్విన ఓపెన్‌కాస్టుల కలిసింది. ఊరోళ్లు తలో దిక్కు పోయిన్రు. రిటైరైనంక తోటోళ్లంత ఇంటి జాగలు చూసుకుంటుంటే కాక కంప్యూటర్, స్కానర్ తెచ్చుకున్నడు. ఊరోళ్లు ఎక్కడెక్కడ ఉన్నరో అక్కడికి పోయి పెండ్లి ఫోటోలు, వాకిట్ల దిగిన ఫోటోలు అడుక్కొచ్చి, కంప్యూటర్ల ఎక్కిచ్చి, మళ్ల ఎవలివి వాళ్లకిచ్చిండు. "భూమి తీస్కున్నరు, తీస్కోనీ. ఊరును మాత్రం ఇయ్య" అంటుండె.

ఒకనాడు మధ్యానం బ్లాస్టింగ్ అయింది. కరెంటు పోయింది. మా ఇండ్లల్ల గిన్నెలు రోజూ ఊగేటియే, ఎవలు పట్టించుకుంటరు? కరెంటు వచ్చినంక హార్డ్ డిస్క్ లేవలే. ఊరంత అండ్లనే పోయింది. కాక మళ్ల ఇల్లిల్లు తిరిగిండు. చానామట్టుకు దొరికినయ్. వాళ్ల ఊరి ఒక అవ్వ మొగని ఫోటో మాత్రం దొరకలే. ఆయన జన్మల దిగింది ఒక్కటే ఫోటో. కాక వాపసిచ్చినంక, ఇల్లు మారేటప్పుడు అది వానకు తడిసి పాడైంది. కంప్యూటర్ల ఉన్నది గదా అని అవ్వ ఫికర్ లేకుండ ఉన్నది. కాక చానా రోజులు ఆ వాడకే పోలే. "అవ్వ పెనిమిటి నా చేతుల రెండోపారి సచ్చిపోయిండు బిడ్డా" అని నా ముందట ఏడ్సిండు.

అప్పట్నుంచి ఫోటోలను నెట్‌ల దాసిపెట్టే ఆన్‌లైన్ బ్యాకప్ ఎతుకుడు మొదలైంది. సీడీలల్ల కొట్టి బీరువల పెట్టుకోరాదే అన్న. "బీరువ గూడ గా బ్లాస్టింగ్ పక్కనే ఉన్నది గదా" అన్నడు. ఒక్కో కంపెనీ షరతులు నాతోని సదివిచ్చుకున్నడు. ఒకటి ఎంతైనా పెట్టుకోమన్నది. కింద సన్న అక్షరాలల్ల, మీ కంప్యూటర్ల ఫైలు పోతే నెల తర్వాత మా దగ్గర గూడ తీసేస్తమని ఉన్నది. కాక కుర్సీల నుంచి లేచిండు. "నా దగ్గర పోతదనే గదా నీ దగ్గర పెట్టేది! నా దగ్గర పోంగనే నువ్వెందుకు పారేస్తవ్?" అని మానిటర్ మీద అరిచిండు. సెంటర్ల ఉన్నోళ్లంత తలలు తిప్పి చూసిన్రు. ఇంకోటి జల్ది జల్ది ఎక్కిచ్చుకున్నది గని, వాపసు అడిగితే సగంల ఆగింది. "ఎక్కిచ్చుడు ఎవలైనా ఎక్కిస్తరు. దించి చూపియ్యి!" అన్నడు. మూడోదాంట్ల ఒక ఫోటో పెట్టి, తన దగ్గర తీసేసి, నలభై రోజులు ఆగిండు. నలభై రోజులు! నాకైతే ఓపిక పోయింది. అప్పుడు దించితే మంచిగనే వచ్చింది. దాన్నే పెట్టుకున్నం. మా నెట్ స్పీడుకు ఊరంత ఎక్కేసరికి ఒక వానకాలం పట్టింది.

పాస్‌వర్డ్ తన బిళ్ల నంబరే పెట్టిండు. "కాకా, కాలనిల అందరు పెట్టుకునేది గదేనే! నీ నంబరు నీ టిఫిన్ డబ్బ మీద గూడ ఉన్నది" అని కోపం జేసిన. నవ్వి మార్చిండు. కొత్తది కాయిదం మీద రాసి నాకొకటి, అవ్వకొకటి ఇచ్చిండు. "నా ఒక్కనికే తెలిస్తే నాతోనే పోతది" అన్నడు. ఆ తర్వాత ప్రతి ఐతారం చాయ తాగి వచ్చి ఒక్క ఫోటో దించి చూసేటోడు. నమ్మకం లేదా కాకా అంటే, "నమ్ముత గని, చూస్త" అంటుండె.

అల్లుడు తుడిచేసిననాడే ఆ కాయిదం బయటికి తీసిన. అవ్వను గూడ సెంటర్‌కు పిలుచుకొచ్చి పక్కన కూసోబెట్టుకున్న. అల్లుడు గూడ ఎనకనే వచ్చిండు. దించుడు మొదలువెట్టిన. ఇండ్లు, చేదబాయి గడ్డలు, పెండ్లి పందిళ్లు ఒక్కటొక్కటే రావట్టినయ్. ఒక్కో మనిషి పేరు మీద ఒక ఫోల్డర్ పెట్టిండు కాక. అవ్వ మొగని పేరు మీద గూడ ఒకటున్నది. ఫోటో దొరికిందేమో అనుకున్న. తెరిసిన. ఫోటో లేదు. కాక టైపు జేసిన కాయిదం లాంటి చిన్న ఫైలున్నది. పైన "ఇంకా రాలే" అని రాసిండు. కింద తిరిగిన ఇండ్ల పేర్లు, ఇంకా పోవల్సిన ఇండ్ల పేర్లు. ఎవలి పెండ్లి ఫోటో మూలకన్నా ఆ మనిషి నిలబడి ఉంటడేమోనని చివరిదాక ఎతుకుతనే ఉన్నడు మా కాక. ఎవలికీ చెప్పలే.

వెనక నిలబడ్డ అల్లుడు "ఉత్త ఫోల్డరే గదక్కా, తీసెయ్యి" అన్నడు. తియ్య. మిగిలిన ఇండ్లకు నేను పోత. ఎవలేమన్నా అననీ.

అవ్వ స్క్రీన్ మీద వేలు పెట్టింది. "ఏం రాసిండు బిడ్డా?"

"ఇంకా రాలే అని రాసిండు అవ్వా."

అవ్వ కొంగు సర్దుకుని కుర్సీ ముందటికి జరుపుకున్నది.

"అయితే కూసుంట" అన్నది.