మా అత్తగారు నేర్పిన కత్తిపీట

మా అత్తగారు పోయారన్న కబురు నాకు గుడివాడ చేపల మార్కెట్లో తెలిసింది. ఆదివారం పొద్దున మాగచేప ఒకటి బేరం చేశాను. "కోసిమ్మంటారా మాస్టారూ?" అని అమ్మే ఆవిడ అడిగితే, "వద్దమ్మా, నేనే కోసుకుంటాను" అన్నాను, కాస్త గర్వంగానే. అప్పుడే మా ఆవిడ ఫోన్ చేసింది. "అమ్మ లేదండీ" అని మాత్రం అంది. నేను ఆ చేపను దిమ్మ మీదే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. అత్తగారు పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి, కళ్ళాపి చల్లి, అరుగు మీద కూర్చుని అలాగే పక్కకి ఒరిగిపోయారట. ఎవరికీ పని పెట్టకుండా బతికిన మనిషి, పోవడం కూడా అలాగే పోయారు.

ఆవిడది బందరు దాటాక సముద్రం పక్కన ఒక చిన్న పల్లె. మామగారు చిన్న వయసులోనే పోతే, చేపల తట్ట నెత్తిన పెట్టుకుని మొదటి బస్సుకి బందరు, అక్కణ్ణుంచి రైల్లో గుడివాడ వచ్చి, వీధి వీధీ తిరిగి అమ్మి కూతుర్ని నర్సు చదివించారు. తట్టలో చేపలతోబాటు కత్తిపీట కూడా ఉండేది. కొన్నవాళ్ళ పెరట్లో కూర్చుని అక్కడే కోసిచ్చేవారు. మా పెళ్ళిమాటలకి వచ్చిన రోజున మా అమ్మ ఆవిణ్ణి చూసి, "మీరా!" అని నోరు తెరిచింది. ఎన్నో ఏళ్ళు మా పెరట్లో చేపలు కోసింది ఆవిడే మరి. వియ్యంకురాళ్ళిద్దరూ ఆ పూట లాంఛనాల సంగతి పక్కనపెట్టి, పులుసులోకి ఏ చేప మేలో మాట్లాడుకున్నారు.

నాతో మాత్రం అంత చనువు ఉండేది కాదు. అల్లుడు కదా. మొదటి రెండు మూడేళ్ళు తలుపు చాటునుంచే మాట్లాడేవారు. నేను లెక్కల మాస్టారిని, బళ్ళో నలభైమంది పిల్లల్ని అరిచి కూర్చోబెట్టేవాణ్ణి, అత్తవారింట్లో మాత్రం మంచినీళ్ళు కావాలంటే తలుపుతో చెప్పుకోవాల్సి వచ్చేది.

ఆ కత్తిపీట ఆవిడ అమ్మమ్మది. అమ్మమ్మ నుంచి అమ్మకి, అమ్మ నుంచి ఆవిడకి వచ్చింది. సానపట్టి సానపట్టి కత్తి అలుగు సగానికి సగం అరిగిపోయింది. పీట మీద కాలు ఆనించే చోట గుంట పడింది. ముగ్గురు ఆడవాళ్ళ పాదాలు చేసిన గుంట అది. అది ఉప్పెనలో కూడా కొట్టుకుపోకుండా నిలిచిందని ఊళ్ళో గొప్పగా చెప్పుకుంటారు. నేను అడిగితే ఆవిడ నవ్వారు. "నిలవటమా, పాడా? అప్పటికి అది మా ఇంట్లో లేదండీ. ఘంటసాలలో చుట్టాలు పెళ్ళికని పట్టుకెళ్ళి ఉప్పెన వెళ్ళేదాకా తిరిగివ్వలేదు. ఇవ్వకపోబట్టి బతికింది" అన్నారు.

నేను కత్తిపీట దగ్గర కూర్చోవడం ఎలా జరిగిందంటే, మా ఆవిడ డ్యూటీల వల్ల ఆదివారం వంట నా వాటాకొచ్చింది. చేపలు మార్కెట్లోనే కొట్టించి తెచ్చేవాణ్ణి. ఒకసారి మా ఇంటికొచ్చిన అత్తగారు గిన్నెలో ముక్కలు చూసి, "ఎవరు కోశారో గానండీ, ఆ చేపతో పాత పగలేవో ఉన్నట్టున్నాయి" అన్నారు. నాకు నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. "అయితే నాకు నేర్పండి" అన్నాను. నెలకి రెండు శనివారాలు పల్లెకి వెళ్ళడం అలా మొదలైంది.

ఇక్కడే చిక్కొచ్చిపడింది. అత్తగారు అల్లుణ్ణి తప్పుపట్టకూడదు. నేను ఏం చేసినా "బాగుందండీ" అనేవారు. పొలుసు సగమే తీసినా బాగుంది, తోక దగ్గర వంకరగా తెగినా బాగుంది. ఒకసారి పొట్ట చీరుతూ చేదుతిత్తి చిదిపేశాను. పులుసంతా కాకరకాయ కషాయంలా తయారైంది. ఆవిడ నా ఎదుట ఆ పులుసుతో అన్నమంతా తిని, "కమ్మగా ఉందండీ" అన్నారు. నేను ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుని లేచిపోయాను. మర్యాద మనిషి చేత ఎంత చేదైనా తినిపిస్తుందని ఆ రోజు తెలిసింది.

తర్వాత దానికి ఆవిడే ఉపాయం కనిపెట్టారు. నేను కోస్తుంటే ఎదురుగా ఆశగా కూర్చునే పిల్లి ఒకటుండేది. ఆవిడ నా వైపు చూడకుండా దాన్ని తిట్టడం మొదలుపెట్టారు. "నీకెన్నిసార్లు చెప్పాలే? చేతికి బూడిద రాసుకోకపోతే చేప జారదూ? ఆ మోచెయ్యి అట్టా గాల్లో పెడితే బొటనవేలు తెగదూ?" నేను వెంటనే బూడిద రాసుకుని, మోచెయ్యి దించేవాణ్ణి. పిల్లి నా తరఫున రెండేళ్ళు తిట్లు తింది. దానికి బదులుగా తలకాయలన్నీ దానికే ఇచ్చాను.

"కత్తి కదలదే, చేపే కదలాలి" అని పిల్లికి ఆవిడ చెప్పిన మాట నేను బళ్ళో కూడా వాడుకున్నాను. లెక్క రాని పిల్లవాడి మీద నేను కత్తిలా దూకడం తగ్గించాను. నేను నిలకడగా ఉండి, వాణ్ణే మెల్లగా నా దగ్గరికి రానిచ్చాను. బీఎడ్‌లో ఎవరూ నాకు అంత బాగా చెప్పలేదు. ఆ రుణం ఆవిడ ఉండగా నోరు తెరిచి చెప్పలేదు, అల్లుడి బింకం అడ్డొచ్చింది. ఇప్పుడు మీ అందరి ముందూ చెప్పుకుంటున్నాను.

ఇదంతా మా ఆవిడకి నచ్చలేదు. ఒకరోజు తల్లిని నిలదీసింది. "చిన్నప్పుడు నేను ఆ కత్తిపీట పక్కకొస్తే వీపు విమానం మోత మోగించేదానివి. నాకు నేర్పనిది ఈయనకెట్టా నేర్పుతున్నావమ్మా?"

అత్తగారు గిన్నె కడుగుతూనే చెప్పారు. "నువ్వు నేర్చుకుంటే అదే నీ బతుకయ్యేది. ఆయన చేతిలో ఉద్యోగముంది, ఆయనకిది సరదా. తెలిసే తెంపానే. మా అమ్మమ్మ నుంచి వచ్చినదాన్ని నా దగ్గరే ఆపేశాను. నా కూతురి చేతికి ఈ వాసన అంటకూడదనుకున్నా." ఆ గిన్నెనే ఇంకోసారి తోముతూ, "ఆపేశాక మాత్రం మనసులో ఒకటే గుబులు. రేపు దీన్ని ఏ పాత ఇనప సామాన్ల బండికో వేసేస్తారని" అన్నారు.

తల్లి చేతిలోంచి గిన్నె తీసుకుని మా ఆవిడే కడిగింది. నాకు అప్పుడర్థమైంది, ఆవిడ నాకు నేర్పుతున్నది సరదాకి కాదని. కిందటి వేసవిలో నాతో సూటిగా అన్నారు, పిల్లితో కాదు. "నేను పోయాక దాన్ని బండికెయ్యొద్దండీ. మీ పట్నమోళ్ళు చేసినట్టు అద్దాల బీరువాలోనూ పెట్టొద్దు. కొయ్యటం మానేస్తే తుప్పొచ్చి కూర్చుంటుంది." నేను మాటిచ్చాను. ఇచ్చానే గానీ, అప్పటికి నా కోత మీద నాకే నమ్మకం లేదు.

ఆ పల్లెలో పెద్దకర్మ మర్నాడు నీచు వండుకుంటారు. పోయినావిడ కత్తిపీట మీదే, ఆ ఇంటి ఆడపిల్ల మొదటి చేప కోయాలి. ఆ తర్వాతే ఇరుగుపొరుగు తమ తమ ఇళ్ళల్లో కోసుకుంటారు. ఆ ఇంట్లో కోసేవాళ్ళు లేకపోతే కత్తిపీట కడిగి అటకెక్కిస్తారు, మళ్ళీ దించరు. ఆ రోజు పక్కింటి ముసలావిడ వాకిట్లో కత్తిపీట వాల్చి, దాని ముందు పండుగప్ప చేప ఉన్న గిన్నె పెట్టింది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు నిలబడ్డారు. మా ఆవిడ ముందుకొచ్చి, తన చేతుల వైపు చూసుకుంది. వేల మందికి సూదిమందు వేసిన చేతులు. వాటికి చేప పట్టుకోవడం రాదు.

"ఆయన కోస్తారు" అంది.

"మాస్టారా? సుద్దముక్కతోనా?" అని ఎవరో అన్నారు. ఏడ్చి ఏడ్చి ఉన్నవాళ్ళు కూడా నవ్వేశారు. "మగాడు కూర్చుంటాడా ఎక్కడన్నా?" అంది పక్కింటి ముసలావిడ. "అదీ అల్లుడు."

"మా అమ్మ కూర్చోబెట్టింది పిన్నీ" అంది మా ఆవిడ.

నేను పంచె ఎగ్గట్టి కూర్చున్నాను. కాలు ఆ గుంటలో ఆనింది. బూడిద రాసుకున్నాను. పొలుసు తీస్తుంటే ఇంకా గుసగుసలు వినబడుతున్నాయి. మొప్పలు తీసి, పొట్ట చీరి, చేదుతిత్తి దగ్గరికి వచ్చేసరికి అందరూ ముందుకు వంగి చూశారు. రెండు వేళ్ళతో దాన్ని చిట్లకుండా లాగి, ఆకులో పెట్టాను. తర్వాత ముక్కలు. వేలు మందం, అన్నీ ఒకేలా. చివరి ముక్క గిన్నెలో పడ్డాకే తలెత్తాను, అప్పటికి కళ్ళ నిండా నీళ్ళు.

ముసలావిడ వంగి ఒక ముక్క తీసి, అటూ ఇటూ తిప్పి చూసింది. బాగుందనలేదు, బాగోలేదనలేదు. ఇంట్లోకి వెళ్ళి తన చేపల గిన్నె తెచ్చి నా ముందు పెట్టింది. "మాదీ ఇటు కానియ్యండి" అంది.

వెనక నిలబడ్డావిడ కూడా వెళ్ళింది. తర్వాత ఇంకొకావిడ. మా ఆవిడ చీర చెంగు బొడ్లో దోపుకుని, వచ్చిన గిన్నెనల్లా అందుకుని వరసలో పెట్టసాగింది. స్టీలు గిన్నెలు, సత్తు గిన్నెలు, ఒక ప్లాస్టిక్ బకెట్టు. వాకిట్లో చోటు చాలక, చివరి రెండు గిన్నెలు వీధిలో ఎండలో ఉన్నాయి.