బంతిపూల దండలేసిన అంబులెన్సు

పన్నెండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మీకు నా పేరు తెలియదు కాబట్టి చెబుతున్నాను. ఆ మాత్రం పిరికితనం ఇంకా మిగిలే ఉంది.

మాది రాజాం దగ్గర ఒకప్పటి జమీందారీ కుటుంబం. జమీ పోయింది కానీ ‘అమ్మగారు’ అనే పిలుపు పోలేదు. ఆ పిలుపు కోసమే నా సేవంతా. కళ్ల శిబిరాలు, బడికి బెంచీలు, ప్రతిదానికీ ఒక ఫొటో. సేవట, సేవ!

ఆ ఏడు మా మామగారి పేరున ఊరి ఆసుపత్రికి అంబులెన్సు ఇచ్చాం. మంత్రిగారు వచ్చి ప్రారంభించాలి. బండికి బంతిపూల దండలేసి, రిబ్బను కట్టి, పందిరి ముందు నిలబెట్టించాను. మధ్యాహ్నమైనా మంత్రి రాలేదు. అప్పలనాయుడనే రైతు పరిగెత్తుకొచ్చాడు.

“అమ్మగారూ, మా ఆడమనిషికి నొప్పులొచ్చీసినాయి. బండి ఇప్పించండమ్మా.”

“డ్రైవరు లేడు. భోజనానికి వెళ్లాడు. ఓ గంట ఆగు.”

“నొప్పులాగుతాయేటమ్మా?”

డ్రైవరు సింహాచలం పందిరి వెనకే ఉన్నాడు. నాకు తెలుసు. ఒక్క కేక వేస్తే చాలు. కానీ బండి వెళ్లిపోతే మంత్రి దేన్ని ప్రారంభిస్తాడు? అప్పుడు నా బుర్రలో మెదిలింది అదొక్కటే. ఇంతకంటే నీచమైన లెక్క మీరెక్కడైనా విన్నారా?

వాళ్లు ఆటోలో బయల్దేరారు. బిడ్డ దారిలోనే పోయింది. అదే సమయానికి నేను మంత్రి పక్కన నిలబడి నవ్వుతున్నాను.

మర్నాడు ఊరు సింహాచలం మీద పడింది. ఆసుపత్రి కమిటీకి అధ్యక్షురాలిని నేనే. అతన్ని పిలిపించాను.

“నాను పందిరెనకాలే ఉన్నానమ్మా. మీరు పిలవనేదు కదా,” అన్నాడు.

ఆ వెంటనే బండి తాళాలు నా ముందు పెట్టేశాడు. నా మొహం చూడగానే అతనికి అర్థమైంది. పనిలోంచి తీసేస్తూ సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు. వణికిందని రాసుకుంటే బాగుండేది.

మరుసటి ఏడు అప్పలనాయుడి భార్య పైడమ్మ కళ్ల శిబిరానికి వచ్చి నా చెయ్యి పట్టుకుంది. “ఆ డ్రైవరు సేసిన పనికి మీరేటి సేస్తారమ్మా, బాధపడకండి,” అంది. బిడ్డను పోగొట్టుకున్న మనిషి నన్ను ఓదార్చింది. నేను కళ్లు తుడుచుకుని ఆ ఓదార్పు పుచ్చుకున్నాను. అన్నిటికంటే దానికే నా మీద నాకు ఎక్కువ అసహ్యం.

సింహాచలం సాలూరు వెళ్లి లారీ తోలుతున్నాడని విన్నాను. వెతకలేదు. క్షమించమని అడిగి అతని చేత ఇంకో చాకిరీ చేయించడం దేనికి?

ఆ రోజు డ్రైవరు ఉన్నాడు. లేడన్నది నేను. ఇలా రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. చూశారా, ఈ మేలు కూడా నాకే.