కోతలరాయుడు తియ్యనన్న పేజీ

సర్వే ఆఫీసు జీపు నడిపే కోతలరాయుడి నోట్లో నువ్వుగింజ నానదని జనం అనేవారు. నువ్వుగింజ దాకా ఎందుకు, నిప్పురవ్వ వేసినా తన మాటల గాలికి ఆరిపోతుందని అతనే గర్వంగా సవరించేవాడు. డిగ్రీ మధ్యలో మానేశాడు. ఎందుకు మానేశావంటే మనిషికో కథ చెప్పేవాడు. తన ప్రశ్నలకు జడిసి లెక్చరర్లే బతిమాలి పంపించారన్నది వాటిల్లో మరీ చిన్నది.

అలాంటివాడు విశ్వవిద్యాలయం వాళ్లు పెట్టిన రెండు వారాల పరిశోధనా పద్ధతుల కోర్సులో చేరాడు. మనుషుల దగ్గర కూర్చుని ఎలా అడగాలి, వాళ్లు చెప్పింది ఎలా రాయాలి అన్నదే అందులో చదువు. పాసైతే స్టీరింగు మీంచి తప్పించి ప్రశ్నలడిగే పనిలో పెడతామని ఆఫీసులో మాటిచ్చారు. అతనికి కావలసిందీ అదే. సర్వేవాళ్లు ప్రశ్నలడగడానికి ఇళ్లలోకి వెళ్తే, ఏళ్ల తరబడి బయట జీపులో కూర్చుని, లోపల ఏం మాట్లాడుకుంటున్నారోనని సాచీ సాచీ తన మెడ కొంగమెడ అయిపోయిందని చెప్పుకునేవాడు.

"పుట్టి ఇన్నేళ్లయింది, ఒక్కటైనా చివరిదాకా చేశావుట్రా?" అంది అక్క, చొక్కా మీద ఇస్త్రీపెట్టె ఆపకుండానే. వీధి మొగలో ఇస్త్రీ కొట్టు ఆమెది.

"ఎందుకు చెయ్యలేదూ? భోజనం."

"అదీ నేను వడ్డిస్తేనే."

"ఈసారి చూడక్కా. పాసై వచ్చి నీ కొట్టుకి నా ఫొటో కట్టిస్తా."

"కట్టించు నాయనా, ఎలకలు రాకుండా ఉంటాయి."

తరగతిలో మేడమ్ మొదటే రెండు నియమాలు చెప్పింది. అడిగేవాడు ప్రశ్న అడిగి నోరు మూసుకోవాలి, సొంత కథలు చెప్పకూడదు. రికార్డయిన మాటలు కాగితం మీద పెట్టేటప్పుడు దగ్గు, తడబాటు, అడిగేవాడి సొంత మాట ఏదీ వదలకూడదు. రెండోది అతనికి తెగ నచ్చింది. మొదటిది గొంతులో వెలక్కాయలా పడింది.

ఆఖరి పరీక్షకి ఒక్కొక్కరూ ఒక్కో రిటైరైన మనిషితో మాట్లాడి రాసుకు రావాలి. అతని వంతుకి పాత లిఫ్టు ఆపరేటర్ వచ్చాడు. ముందు బ్యాచ్‌ల వాళ్లు ఆయనకి 'బాగానే తాత' అని పేరు పెట్టేశారు. ఏమడిగినా "బాగానే గడిచింది" తప్ప రెండో మాట ఉండదు.

కోతలరాయుడు నియమం ప్రకారం అడిగాడు, నియమం ప్రకారం నోరు మూసుకున్నాడు. తాత బాగానే గడిచిందన్నాడు. మళ్లీ అడిగాడు. మళ్లీ బాగానే గడిచింది. ఇక కడుపుబ్బరం ఆగలేదు.

"ఓసారి ఘాట్‌రోడ్డు దిగుతుంటే నా జీపు బ్రేకులు పోయాయి తాతా. కాలు బయట పెట్టి నేల మీద అదిమిపట్టా. చెప్పులోంచి పొగ! కింద బండి ఆగేసరికి మడమ మీద కాఫీ కాచుకోవచ్చు."

తాత కళ్లు చిట్లించాడు. "అదో ఆపడమా? రెండంతస్తుల మధ్య తాడు జారితే, లోపల్నుంచి ఒంటిచేత్తో లిఫ్టుని పైకి లాగినవాణ్ణి నేను."

"ఒంటిచేత్తోనా?"

"రెండో చేత్తో పెద్దాఫీసర్ గొడుగు పట్టుకున్నా."

ఇద్దరూ విరగబడి నవ్వారు. నవ్వు ఆగాక తాత గొంతు దిగింది. "మీటల లిఫ్టు వచ్చాక కూడా నన్ను పనిలోంచి తియ్యలేదు బాబూ. స్టూలు మీద కూర్చోబెట్టారు. జనం నా భుజం మీదుగా చెయ్యి చాపి వాళ్లే మీట నొక్కుకునేవాళ్లు. ఏ అంతస్తో నాకు చెప్పిన మనిషి లేడు. ఇంటికెళ్లి మా ఆవిణ్ణి అడిగేవాణ్ణి, నేను కనబడుతున్నానా అని."

ఈసారి కోతలరాయుడు నియమం గుర్తులేకుండానే నోరు మూసుకున్నాడు.

మేడమ్ కాగితాలు చదివి కళ్లజోడు తీసింది. "మీరు జీపు ఆపితే ఆయన లిఫ్టు లాగాడు. పోటీకి దిగిన మనిషి మాటలో నిజమెంతో ఎలా తెలుస్తుంది?"

"తెలియదు మేడమ్." ఆమె మాటలో న్యాయముంది.

"ఇది చెడిన ఇంటర్వ్యూ. కానీ ఆ స్టూలు మాటలాంటిది ఈ బ్యాచ్‌లో ఇంకెవరూ తేలేదు. మీ జీపు కథ ఉన్న పేజీ తీసెయ్యండి, పాస్ చేస్తాను."

ఉద్యోగం నోటిదాకా వచ్చింది. అతను కాగితాలు దగ్గరికి లాక్కున్నాడు.

"తియ్యను."

"మీ మంచికే చెబుతున్నాను."

"బయట నేను కోస్తే కోతలని అందరికీ తెలుసు మేడమ్. కాగితానికి నా మొహం ఉండదు కదా! ఆ పేజీ పోతే తాత ఊరికే మనసు విప్పాడనుకుంటారు. చెడిందన్నారుగా, చెడినట్టే కనబడనివ్వండి."

"అయితే పాస్ చెయ్యలేను."

"చెయ్యకండి. అందరి ముందూ చదవనిస్తే చాలు."

చదివాడు. కాలు బయట పెట్టి మరీ చూపించాడు. జీపు దగ్గర తరగతి గొల్లుమంది. స్టూలు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ కుర్చీ కూడా కదపలేదు. ఆఖర్న మేడమ్ అతనికి 'హాజరయ్యారు' అన్న కాగితం మాత్రమే ఇచ్చింది. సొంత కథ చెప్పకూడదన్న నిబంధన నిబంధనే. అతనూ బతిమాలలేదు.

"ఫెయిలయ్యానక్కా," అన్నాడు కొట్టు ముందు నిలబడి.

"పోరా, కోతలూ నువ్వూనూ," అంది అక్క. కాగితం చూపిస్తే గానీ నమ్మలేదు. నమ్మాక తిట్టింది. "ఒక్క పేజీ చించితే నీ సొమ్మేం పోయేదిరా?"

"జీపులో కూర్చుని వినలేదని ఇన్నాళ్లు ఏడ్చాను. లోపలికెళ్లి విన్నాక, సగమే విన్నట్టు రాయమంటావా?"

మర్నాడు డ్యూటీకి పోతూ జీపు విశ్వవిద్యాలయం గేటు ముందే ఆపి, కోర్సుల కౌంటరు దగ్గరికి నడిచాడు.

"మళ్లీనా?" అన్నాడు గుమాస్తా.

"మళ్లీనే. మేడమ్‌తో ముందే చెప్పండి, ఈసారీ ఏ పేజీ తియ్యను."

అని, అడక్కుండానే కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.