హబీబక్క ఫర్నేసుకు ఒక పక్కే వేడి

కొత్తచెరువు హబీబక్క ఒకసారి సూర్యుణ్ణి పిలిపించి, షెడ్డు ముందు నిలబెట్టి, "ఒక పక్కే కాలుస్తాండావే, రెండో పక్క మీ నాయనొచ్చి కాలుస్తాడా?" అని గదమాయించింది. ఆ మరుసటి రోజు నుంచీ మా మండలంలో ఎండ అన్ని పక్కలా సమంగా కాస్తోంది. నమ్మనివాళ్లు మే నెలలో వచ్చి బస్టాండులో నిలబడి చూసుకోవచ్చు. ఆ మాటేదో మబ్బులకు కూడా చెప్పి ఉంటే జిల్లా బాగుపడేది. కానీ అక్కకు వేడి తప్ప వేరే వ్యవహారం పట్టదు.

ఆ వేడంతా గాజు కోసం. ఊరి బయట నరసింహప్ప షెడ్డులో సన్న గాజు గొట్టాలు లాగుతారు. రక్తపరీక్షకు వేలిని పొడిచి చుక్క పీలుస్తారే, ఆ పుల్లల్లాంటి గొట్టాలు. మణికట్టంత లావు గాజు గొట్టాన్ని పైనుంచి వేలాడదీస్తే, అది మెల్లగా దిగుతూ నిలువు ఫర్నేసు మధ్యలోంచి పోతుంది. అక్కడి వేడికి బెల్లం పాకంలా మెత్తబడుతుంది. కింద రెండు చక్రాలు దాన్ని పట్టి లాగితే చీపురుపుల్లంత సన్నగా సాగుతుంది. లోపలి బెజ్జం మాత్రం పూడదు. ఇది మొదటిసారి చూసి నేను నోరు తెరిచాను. మూసేసరికి మధ్యాహ్నం బువ్వ వేళైంది. ఇంటర్ మధ్యలో వదిలేసిన నాకు ఆ గొట్టాలు కోసి పెట్టెల్లో సర్దే ఉద్యోగం ఇచ్చారు. నేను సర్దిన పెట్టెలు ఒకదాని మీద ఒకటి పెడితే విమానాలు చుట్టు తిరిగి పోవాలి.

హబీబక్కది ఫర్నేసు ముందు పని. వేడి ఎంత పెట్టాలో, గాజును ఎంత నెమ్మదిగా దించాలో ఆమే చూసుకోవాలి. అంతకుముందు ఆమె తాడిపత్రిలో బండల పాలిష్ పనికి పోయేది. రాతిపొడి లోపలికి పోయి దగ్గు పట్టుకుంది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేది. ఆ పొడి దగ్గరికి మళ్లీ పోతే తన దగ్గరికి రావద్దని డాక్టరు కచ్చితంగా చెప్పాడు. అందుకే పుట్టింటి ఊరికి వచ్చి ఈ షెడ్డులో చేరింది. దగ్గు తగ్గింది. నడుం వాల్చి పడుకునే యోగం మళ్లీ పట్టింది. ఆ ఫర్నేసు తనకు ప్రాణమని ఆమె అంటే అది మాటవరసకు అన్నది కాదు.

అలాంటి ఫర్నేసు పగిలిపోయి, కొత్తది కట్టించాల్సి వచ్చింది. కొత్తది బీరువా తలుపులా తెరుచుకుంటుంది. ఒక పక్క కీలు, ఎదురు పక్క గొళ్లెం. లోపల మట్టి గోడ చుట్టూ వేడెక్కే తీగను పైకీ కిందికీ వరసలుగా వేయాలి. ఆ పనికి ధర్మవరం నుంచి మార్కండేయను పిలిపించారు. పట్టుచీరలు నేసి నేసి మోకాళ్లు పట్టేశాక, మగ్గం దిగి మోటార్లకు తీగ చుట్టే పనిలో పడిన మనిషి. అతను వేసిన వరసలు మగ్గం మీద నిలువుగా సాగే పడుగు పోగుల్లా ఉన్నాయి. ఒక వరసకూ ఇంకో వరసకూ వెంట్రుకంత తేడా లేదు.

"ఏమప్పా మార్కండేయా, దీన్ని కట్టుకోని పెండ్లికి పోవచ్చు గదప్పా!" అని నరసింహప్ప మురిసిపోయాడు.

"పో. కరెంటు మాత్రం తీసేసి పో," అన్నాడు మార్కండేయ.

మొదటి గొట్టం లాగితే వంకర. నిటారు గొట్టాన్ని షెడ్డులోని పాలిష్ బండ మీద దొర్లిస్తే చప్పుడు చేయకుండా పోతుంది. ఇది టకటకమని ఎగురుకుంటూ పోయింది. సర్దుకుంటుందిలే అని పెట్టెలు పంపితే మా గొట్టాలు కొనే బెంగళూరు కంపెనీ వాపసు కొట్టింది. మళ్లీ పంపాం. మళ్లీ వచ్చాయి.

నరసింహప్ప చెడ్డవాడు కాదు. తల గోక్కుంటూ చెప్పాడు. "అమ్మా హబీబా, ఇంగొక్కతూరి వాపసొస్తే నా చేత కాదు. దీన్ని అమ్మేసి ఈడ కోళ్ల దాణా పెట్టుకుంటా. నీకేం, తాడిపత్రిలో తెలిసినోళ్లు ఉండారు, పని దొరుకుతాదిలే."

ధైర్యం చెబుదామనే అన్నాడు. అక్క కొంగు తీసి ముక్కుకు అడ్డం పెట్టుకుంది. షెడ్డులో దుమ్మేమీ లేదు.

తప్పు గాలిదన్నాం. మా గాలి సామాన్యమైనదా? ఒకసారి గోవిందప్ప గొర్రెను కొత్తచెరువులో ఎత్తి పెనుకొండలో దించింది, కాళ్లు మట్టి అంటకుండా. కిటికీలకు గోనెసంచులు కట్టాం. వంకర పోలేదు. వేడి పెంచాం. ఇంకా వంగింది. గాజులోనే లోపముందని నేను తీర్పు చెప్పాను. అక్క నా తీర్పు విని, లావు గొట్టం మీద సుద్దముక్కతో గీత గీసి, ఒకసారి గీత అటు, ఒకసారి ఇటు తిప్పి వేలాడదీసింది. గీత ఎటున్నా లాగిన గొట్టం ఎప్పుడూ ఒకే దిక్కుకు వంగింది.

"గాజు మంచిదే అప్పా. ఫర్నేసులోనే ఉండాది తప్పు," అంది.

మరునాడు పొద్దున ఫర్నేసు అప్పుడప్పుడే వేడెక్కుతుండగా అక్క బుర్ర మెరుపులా మెరిసింది. గుండ్రటి రేకు మూత మీద వేరుశనగ విత్తనాలు చుట్టూ పేర్చి, తీగకు కట్టి, గాజు ఉండాల్సిన చోటికి దించింది. వేడిని కొలవడానికి లోకంలో ఏవేవో యంత్రాలున్నాయట. అక్క మా జిల్లా పంటను వాడింది. పైకి తీస్తే కీలు పక్కవి మాడి బొగ్గయ్యాయి. నడుమవి ఎర్రగా వేగాయి. గొళ్లెం పక్కవి చేనులోంచి ఇప్పుడే వచ్చినట్టు పచ్చిగా ఉన్నాయి.

మార్కండేయ వచ్చి చూసి భగ్గుమన్నాడు. "నా తీగను తప్పు పడతాండావా అక్కా? స్కేలు పెట్టి కొలుచుకో. యాడైనా తేడా ఉంటే చెవి కోసిస్తా."

నేను కొలిచాను. తేడా లేదు. చెవి అతనికే మిగిలింది.

"సమానంగానే వేసినావప్పా, ఎవురు కాదన్న్యారు?" అంది అక్క. "కీలు పక్క గట్టిగా మూసుకుంటాది. గొళ్లెం పక్క సందు ఉండాది. వేడి ఆడ్నుంచి బయటికి పోతాంది, ఆ పక్క గాజు సరిగ్గా మెత్తబడక వంగుతాంది. పోయేకాడ ఎక్కువ ఇయ్యాల గదా?"

"సమానంగా ఎయ్యకుంటే అది పనెట్లయితాది? నా పడుగు చూసినావా నువ్వు? ఈ కొస నుంచి ఆ కొసకి పోగు తేడా ఉండదు. అంచు కాడ మాత్రం..."

ఆగిపోయాడు.

"అంచు కాడ ఏమి?"

"అంచు కాడ లాగుడెక్కువ. ఒత్తుగా ఏస్తాం," అన్నాడు గొంతు తగ్గించి.

"గొళ్లెం పక్క అంచే గదప్పా."

మార్కండేయ చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, అంత అందమైన తీగనూ ఊడబెరికాడు. కీలు పక్క పలచగా, గొళ్లెం పక్కకు వచ్చేకొద్దీ ఒత్తుగా మళ్లీ వేశాడు. సందులో వేడి తట్టుకునే పీచు కుక్కాడు. వేసినంతసేపూ తన పనిని తానే పాడు చేస్తున్నట్టు మొహం పెట్టాడు. ఈసారి విత్తనాలన్నీ ఒకే రంగులో వేగి వచ్చాయి. నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువ," అన్నాడు.

గొట్టం లాగాం. బండ మీద పెట్టి వేలితో తోశాను. చప్పుడు లేదు. నరసింహప్ప వంగి బండకు చెవి పెట్టి మరీ విన్నాడు.

అయినా పెట్టెలు బెంగళూరు చేరి మాట వచ్చేవరకూ అక్క మనిషి కాలేదు. టీ చల్లారబెట్టేది, పారబోసేది. చివరికి నరసింహప్ప ఫోను చెవికి పెట్టుకునే లోపలికి వచ్చాడు. "తీసుకున్న్యారంట! ఇట్లాటివే ఇంగా పంపమంటాండారు!"

అక్క పాలిష్ బండ మీదే కూర్చుండిపోయింది. లోపలికి పీల్చిన గాలి దగ్గు లేకుండా అంత పొడుగ్గా బయటికి రావడం నేను అప్పుడే చూశాను. ఆమె భర్త గౌస్ పీర్ లారీ తోలుతాడు, ఆ రోజు తాడిపత్రిలో సిమెంటు లోడు కోసం ఆగి ఉన్నాడు. అక్క అతనికి ఫోను చేసింది. "ఆడ బాడుగిల్లు చూడమంటి గదా, చూడొద్దులే. ఇంటికి రా," అంది. అవతల ఏమన్నాడో గానీ కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

ఇదంతా రాసి, ముందు ఆమెకే చదివి వినిపించాను. చక్రాలు తుడుస్తూ చివరిదాకా విని అంది:

"మెరుపూ లేదు, ఉరుమూ లేదప్పా. పొద్దున సంగటి తినకుండా వచ్చింటి. ఆకలైతాంటే వేయించుకుందామని పెట్టినా విత్తనాలు. ఒక పక్క మాడినాయి. తాడిపత్రికి పోయేది తప్పింది. అంతే."